రాగి కుండీ మీద గాజు తామరలు

పిల్లలూ! మీ ఇంట్లోనో, మీ తాతగారి ఇంట్లోనో తెల్లగా నున్నగా ఉండి, అంచున నీలం గీత గల ఎనామిల్ పళ్ళెంగాని, గ్లాసుగాని ఉందేమో వెదకండి. పాతదయితే ఎక్కడో ఒకచోట పెచ్చు ఊడి ఉంటుంది. ఊడినచోట నల్లగా ఇనుము కనిపిస్తుంది. అక్కడ తుప్పు కూడా పట్టి ఉండవచ్చు. పెచ్చు ఊడని చోట మాత్రం ఎన్నేళ్ళయినా తుప్పు రాదు. ఎందుచేత? ఆ తెల్లని పూత రంగు కాదు, సున్నమూ కాదు. అది గాజు! ఇనుప రేకుమీద గాజుపొడిని పూసి కొలిమిలో కాలిస్తే, పొడి కరిగి, రేకును అంటిపెట్టుకొని గట్టిపడింది.

మన పళ్ళమీది పొరను కూడా ఎనామిల్ అంటాం. తలుపులకు వేసే ఒక రకం రంగును కూడా ఎనామిల్ అంటాం. పేరు ఒకటేగాని మూడూ వేరువేరు. పంటి ఎనామిల్‌లో ఉండేది ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేటు. దానిని మన శరీరమే తయారుచేసుకొంటుంది. తలుపుల ఎనామిల్ నూనెలోనో, రెజిన్‌లోనో కలిపిన రంగు. మనం ఇప్పుడు చెప్పుకోబోయేది లోహంమీద కరిగించి అతికించిన గాజును గురించి.

ఈ గాజుతో ఆరువందల ఏళ్ళనాడే చైనా పనివాళ్ళు రాగి కుండీల మీద తామరపూలు పూయించారు. ఆ కుండీలు ఎంత అందమైనవో అంత తెలివైనవి కూడా. వాటిమీది గీతకు, రంగుకు వెనుక ఒక్కొక్క కారణం ఉంది. ఆ కారణాలు తెలిసినవారు కుండీని పుస్తకంలా చదవగలరు. అడుగున చెక్కిన అక్షరాలు అబద్ధం చెప్పినా పైనున్న గాజు నిజం చెబుతుంది. అదెలాగో చూద్దాం.

ఎక్కడ చూసినా తీగలే!

చైనావారి పాత ఎనామిల్ కుండీ ఒకటి మీ ముందు ఉన్నదనుకోండి. నేపథ్యమంతా ఆకాశానికీ పచ్చకూ మధ్యగా ఉండే నీలం. దానిమీద ఎరుపు, పసుపు, తెలుపు, ముదురు నీలం రంగుల్లో తామరపూలు. ఒక పూవునుండి మరొక పూవుకు మెలికలు తిరుగుతూ పోయే లత. ప్రతి రేకు చుట్టూ, ప్రతి ఆకు చుట్టూ సన్నని బంగారు గీత. అది కుంచెతో గీసిన గీత కాదు. నిలువుగా నిలబెట్టిన సన్నని లోహపు తీగ. చిన్న చిన్న మళ్ళకు గట్లు వేసినట్లు తీగలతో గదులు కట్టి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క రంగు గాజు నింపారు. ఫ్రెంచి భాషలో ఈ పనికి క్లాయ్‌సొనే అని పేరు. గదులు కట్టిన పని అని అర్థం.

ఇంకా దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. పూవుకూ పూవుకూ మధ్య ఖాళీగా ఉన్న నీలంలో కూడా తీగలు ఉంటాయి. కొన్ని మెలికలుగా, కొన్ని చిన్న మేఘాల్లాగా ఉంటాయి. అక్కడ బొమ్మేమీ లేదు. అటూ ఇటూ ఉన్నది ఒకే నీలం. మరి తీగ ఎందుకు? అలంకారం కోసమని తేలికగా చెప్పవచ్చు. కాని అది సగం జవాబే. మిగతా సగం మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉంది.

గాజుకూ రాగికీ పొత్తు

వేడిచేస్తే పదార్థాలు వ్యాకోచిస్తాయనీ, చల్లారిస్తే సంకోచిస్తాయనీ మీరు చదువుకొన్నారు. అన్నీ ఒకే మోతాదులో సంకోచించవు. ఈ చిన్న లెక్క చేయండి. ఒక డిగ్రీ సెంటిగ్రేడు తేడాకు రాగి తన పొడవులో పది లక్షల వంతులకు 17 వంతులు మారుతుంది. మామూలు కిటికీ గాజు సుమారు 9 వంతులే మారుతుంది. 10 సెంటీమీటర్ల రాగి బద్ద, అంతే పొడవైన గాజు బద్ద 500 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు చల్లారాయనుకోండి. రాగి సుమారు 0.8 మిల్లీమీటరు కుంచించుకుపోతుంది. గాజు సుమారు 0.42 మిల్లీమీటరు మాత్రమే.

తేడా ఆవగింజలో సగం కూడా ఉండదు. కాని ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయని మరవకండి. రాగి లోపలికి ముడుచుకొంటూ గాజును కూడా నొక్కుతుంది. గాజుకు ఒక స్వభావం ఉంది. నొక్కితే బాగా ఓర్చుకొంటుంది, లాగితే ఓర్చుకోలేదు. కాబట్టి కొద్దిపాటి నొక్కుడు మంచిదే. మరీ ఎక్కువయితే గాజు పెచ్చులుగా ఎగిరిపోతుంది. అలాకాక రాగికంటే గాజే ఎక్కువ కుంచించుకుపోతే లాగుడు పుట్టి, సాలెగూడులాగా పగుళ్ళు వస్తాయి. అందుకని కిటికీ గాజు ఈ పనికి పనికిరాదు. ఇసుకతోపాటు సోడా, పొటాషు వంటి క్షారాలు, సీసపు ఆక్సైడు తగుపాళ్ళలో కలిపి, రాగికంటే కొంచెం మాత్రమే తక్కువగా కుంచించుకొనే గాజును తయారుచేయాలి. వ్యాకోచ గుణకం అన్న మాట పుట్టక ముందే, ఎన్నో కుండీలు పాడుచేసుకొని, పనివాళ్ళు ఆ పాళ్ళను కనిపెట్టారు.

గాజు మంచిదయినా ఇంకొక చిక్కు ఉంది. పొడిగా నింపిన గాజు కరిగేటప్పుడు, పలుకుల మధ్య ఉన్న గాలి పోయి, దగ్గరకు లాక్కొంటుంది. విశాలమైన చోట పూస్తే ఒక పక్కకు లాక్కొని మరొక పక్క రాగిని బయటపెట్టవచ్చు. నిలువు గోడ మీదనయితే కిందికి జారవచ్చు. ఒకచోట పగులు పుడితే అది చివరిదాకా పాకవచ్చు. వీటన్నిటికీ తీగ అడ్డుగా నిలుస్తుంది. గాజుకు ప్రతి గదిలోనూ పట్టు దొరుకుతుంది. పగులు పుట్టినా గట్టు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఖాళీ నీలంలో కనిపించే ఆ మేఘాలు బొమ్మలు మాత్రమే కావు. గాజును పట్టి ఉంచే చేతులు. పనివాడు అవసరాన్ని దాచిపెట్టలేదు, దానినే అలంకారంగా మార్చుకొన్నాడు.

పని జరిగే తీరు

రాగి రేకును సుత్తితో కొట్టి కుండీ ఆకారం తెస్తారు. చాలా పాత కుండీలను కంచుతో పోతపోసేవారు. తరువాత సన్నని బద్ద తీగను పట్టకారుతో వంచి రేకులు, ఆకులు, రెక్కలు తయారుచేస్తారు. వాటిని మొక్కల జిగురుతో కుండీకి అతికిస్తారు. ఒక రకం ఆర్కిడ్ మొక్క దుంపనుండి చైనావారు ఈ జిగురు తీస్తారు. కొలిమిలో జిగురు కాలిపోతుంది కనుక, తీగ ఊడకుండా టంకం పొడి చల్లి కాల్చడం కూడా ఉంది.

ఇక్కడ ఒక మెట్ల వరుస గమనించండి. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గాజు సుమారు 800 డిగ్రీల దగ్గర కరిగి పారాలి. తీగను పట్టి ఉంచే టంకం గాజును కాల్చే వేడికి చలించకూడదు, అయినా రాగి కరగకముందే తాను కరగాలి. ఈ వరుస తప్పితే తీగలు జారిపోతాయి, లేదా కుండీయే కూలిపోతుంది. అప్పట్లో ఉష్ణమాపకాలు లేవు. కొలిమిలోని ఎరుపు చూసి వేడిని అంచనా కట్టేవారు.

తరువాత రంగు గాజుల్ని మెత్తగా నూరి, నీళ్ళతో తడిపి, ఒక్కొక్క గదిలో నింపుతారు. ఆరనిచ్చి కాలుస్తారు. కొలిమినుండి తీసి చూస్తే నిండుగా ఉన్న గది సగం ఖాళీగా ఉంటుంది! మళ్ళీ నింపాలి, మళ్ళీ కాల్చాలి. తీగ అంచుదాకా గాజు వచ్చేవరకు మూడు నాలుగు సార్లు ఇదే పని. పిదప సానరాయితో, బొగ్గుతో నున్నగా అరగదీస్తారు. చివరగా బయట కనిపించే లోహానికి బంగారు పూత పూస్తారు.

ఈ బంగారు పూత గురించి ఒక్క మాట. పూర్వం బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను లోహానికి రాసి వేడిచేసేవారు. పాదరసం ఆవిరయిపోగా బంగారం మిగిలేది. పాదరసం ఆవిరి విషం. సీసం కలిసిన గాజుపొడీ విషమే. చక్రవర్తి బల్లమీద మెరిసిన ఆ బంగారు అంచు వెనుక, ఆ ఆవిరిని పీల్చిన పనివాళ్ళు ఉన్నారు. వారి పేర్లు చాలావరకు మనకు దక్కలేదు. ఇప్పుడు ఈ పూతను విద్యుత్తు సాయంతో వేస్తున్నారు.

ఏ రంగు ఎక్కడిది?

గాజుకు రంగు ఇచ్చేవి లోహాల ఆక్సైడులు. చిటికెడు కోబాల్టు కలిపితే ముదురు నీలం. మాంగనీసు కలిపితే ఊదా. ఇనుము ఎరుపును, పసుపును, గోధుమ రంగును ఇవ్వగలదు. అన్నిటికంటె చిత్రమైనది రాగి. సోడా, పొటాషు ఎక్కువగా ఉన్న గాజులో రాగి ఆకాశనీలం ఇస్తుంది. సీసం ఎక్కువగా ఉన్న గాజులో అదే రాగి ఆకుపచ్చ ఇస్తుంది. లోహం ఒకటే, చుట్టూ ఉన్న గాజు మారితే రంగు మారింది. కుండీల నేపథ్యంలో కనిపించే ఆ నీలం రాగి ఇచ్చినదే. అంటే కుండీ లోపల ఉన్న రాగే, మరొక రూపంలో బయట నీలమై కూర్చున్నదన్నమాట.

బొమ్మలకు కూడా అర్థాలున్నాయి. బౌద్ధమతంతోపాటు తామర పవిత్ర చిహ్నంగా చైనా కళలో స్థిరపడింది. ఆ మతం మన దేశంనుండి వెళ్ళినదే. డ్రాగన్ చక్రవర్తికి గుర్తు. అయిదు గబ్బిలాలు కనిపిస్తే భయపడకండి! చైనా భాషలో గబ్బిలాన్నీ, సౌభాగ్యాన్నీ ఒకే ధ్వనిగల ‘ఫు’ అనే మాటతో పిలుస్తారు. అయిదు గబ్బిలాలంటే అయిదు భాగ్యాలు.

పరాయి విద్య, చక్రవర్తి పేరు

ఈ విద్య చైనాలో పుట్టలేదు. పడమటి దేశాలలో, ముఖ్యంగా బైజాంటియం రాజ్యంలో, ఇది ముందే వర్ధిల్లింది. మంగోలులు చైనాను ఏలిన కాలంలో, అంటే 13, 14 శతాబ్దాలలో, పడమటినుండి వచ్చిన వస్తువుల ద్వారా, పనివాళ్ళ ద్వారా చైనాకు చేరిందని పండితుల అభిప్రాయం. 1388లో త్సావ్ జావ్ అనే ఆయన పాత వస్తువులను గుర్తించడం గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ పాత్రలను అరబ్బు దేశాల పాత్రలని పేర్కొన్నాడు. అంతఃపుర స్త్రీల గదులకే గాని, పండితుడి పఠన మందిరానికి తగినవి కావని తేల్చేశాడు. రంగులు మరీ ఎక్కువని ఆయన భావం!

ఆ తరువాత యాభై ఏళ్ళు తిరగకముందే కథ మారిపోయింది. షువాన్‌డె చక్రవర్తి కాలపు (1426–1435) ముద్రతో సుమారు రెండడుగుల ఎత్తున్న మూతజాడీ ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిమీద మేఘాల నడుమ డ్రాగన్ తిరుగుతుంటుంది. పండితుడు కాదన్న పరాయి పనిని చక్రవర్తి తన గుర్తుతో తన ఇంట్లో పెట్టుకొన్నాడన్నమాట.

తరువాత వచ్చిన ఒక చక్రవర్తి పేరు ఈ కళకే పేరయింది. 1449లో మింగ్ చక్రవర్తి యుద్ధంలో మంగోలులకు చిక్కాడు. ఆయన తమ్ముడు సింహాసనం ఎక్కాడు. తమ్ముడి పాలనకు జింగ్‌టాయ్ అని పేరు. 1457లో అన్న తిరిగి గద్దె ఎక్కడంతో ఆ పాలన ముగిసింది. చైనాలో ఈనాటికీ ఈ పాత్రలను ‘జింగ్‌టాయ్‌లాన్’ అంటారు. అంటే జింగ్‌టాయ్ నీలం.

జింగ్‌టాయ్ కాలపు పని గొప్పదని పేరు పడేసరికి తమాషా మొదలయింది. తరువాతి వందల ఏళ్ళలో తయారయిన కుండీల అడుగున కూడా జింగ్‌టాయ్ ముద్ర వేశారు. అంతకుముందు చేసిన పాత్రలకు కొత్త కాళ్ళు, కొత్త చెవులు తగిలించి, అడుగున ఆ పేరు చెక్కారు. నేడు ఆ ముద్ర ఉన్నవాటిలో నిజంగా ఆ కాలానివని గట్టిగా చెప్పగలిగినవి బహు కొద్ది. మరి నిజం ఎలా తెలుస్తుంది?

గులాబీ రంగు సాక్ష్యం

దీనికి మనం చక్రవర్తి కాంగ్‌షీ దగ్గరకు వెళ్ళాలి. ఆయన 1661నుండి 1722వరకు చైనాను ఏలాడు. 1693లో బీజింగు రాజభవనంలో ఎనామిల్ కర్మాగారం నెలకొల్పాడు. ఐరోపానుండి వచ్చిన క్రైస్తవ గురువులు తెచ్చిన ఎనామిల్ బొమ్మలు ఆయనను ఆకర్షించాయి. వాటిలో తీగలు లేవు! రాగిమీద ముందు తెల్లని గాజు పూసి, దానిమీద కుంచెతో బొమ్మ వేసి కాల్చారు. ఆ విద్య నేర్పడానికి ఫ్రాన్సునుండి గ్రావెరో అనే నిపుణుడు 1719లో బీజింగు చేరాడు. గ్వాంగ్జౌ రేవులో కూడా ఈ చిత్రాల పని వ్యాపించింది. ఐరోపా వర్తకులు ఆ ఊరిని కాంటన్ అనేవారు. అందుచేత వాటికి కాంటన్ ఎనామిల్ అని పేరు వచ్చింది.

తీగ లేకుండా ఇది ఎలా కుదిరింది? పూత పలుచన. పైగా రేకుకు లోపలి వైపున కూడా గాజు పూసేవారు. ఒక పక్కనే పూస్తే, ద్విలోహ పట్టీ వంగినట్లు, చల్లారేటప్పుడు రేకు వంగిపోతుంది. రెండు పక్కలా పూస్తే రెండు లాగుళ్ళూ సరితూగుతాయి. అలాంటి పాత్ర దొరికితే లోపలికి కూడా తొంగి చూడండి.

ఈ ఐరోపా విద్యతోపాటు ఒక కొత్త రంగు కూడా చైనాలో నిలదొక్కుకొంది. అదే గులాబీ. దానిని ఇచ్చేది బంగారం. బంగారాన్ని ఆమ్లాల మిశ్రమంలో కరగించి, తగరపు లవణంతో కలిపితే బంగారం అతిసూక్ష్మమైన రేణువులుగా విడిపోతుంది. ఒక్కొక్క రేణువు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే ఉంటుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు. అంత చిన్నదయినప్పుడు బంగారం పచ్చగా మెరవదు. వెలుగులోని ఆకుపచ్చ భాగాన్ని పీల్చుకొని, గాజుకు ఎర్రని గులాబీ ఛాయ ఇస్తుంది.

మరి మింగ్ కాలపు పనివాళ్ళకు గులాబీ రంగు కావాలంటే ఏం చేసేవారు? ఎర్రగాజు పలుకులు, తెల్లగాజు పలుకులు కలిపి నింపేవారు. దూరంనుండి చూస్తే గులాబీ. భూతద్దంతో చూస్తే ఎర్రచుక్కలు, తెల్లచుక్కలు, బియ్యప్పిండిలో కుంకుమ చల్లినట్లు!

ఇప్పుడు మీరే తీర్పు చెప్పండి. కుండీ అడుగున జింగ్‌టాయ్ ముద్ర ఉంది. పూవులో బంగారం ఇచ్చిన చక్కని గులాబీ ఉంది. 1450లలో చేసిన కుండీలో 1700 తరువాత వచ్చిన రంగు ఎలా ఉంటుంది? మరమ్మతులో చేరినదయినా అయి ఉండాలి, లేదా ముద్రే అబద్ధం కావాలి. ఈ రోజుల్లో మ్యూజియంలలో శాస్త్రజ్ఞులు కుండీకి గీతయినా పడకుండా దానిమీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, తిరిగి వచ్చే కిరణాలనుబట్టి అందులో ఏ మూలకాలున్నాయో చెప్పగలరు. తీగ కంచుదా, రాగిదా? సీసం ఎంత? బంగారం ఉందా? మింగ్ కాలపు గాజులో బుడగలు పేలిన గుంటలు ఎక్కువ. వాటిని రంగు మైనంతో పూడ్చేవారు. అదీ ఒక ఆనవాలే.

చెదరిన కుండీలు, నిలిచిన విద్య

1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు బీజింగు శివార్లలోని చక్రవర్తి ఉద్యానభవనాన్ని దోచుకొని తగులబెట్టాయి. అక్కడి ఎనామిల్ పాత్రలు ఎన్నో ఐరోపా చేరాయి. ఈనాడు దూరదేశాల మ్యూజియంలలో కనిపించే పాత్రలలో కొన్ని అలా వెళ్ళినవే. జపానులో మరొక కథ జరిగింది. 1830లలో నగోయా ప్రాంతపు కాజి త్సునెకిచి పరదేశంనుండి వచ్చిన ఒక ఎనామిల్ పాత్రను సంపాదించి, దాని పొరలు విప్పి చూసి ఈ పని నేర్చుకొన్నాడు. గురువు లేకపోతే వస్తువే గురువయింది.

చైనాలోనే 20వ శతాబ్దం నడుమకు ఈ పని అడుగంటింది. అప్పుడు వాస్తుశిల్పి లిన్ హుయ్‌యిన్ తన విద్యార్థులతో కలిసి కొత్త నమూనాలు గీసి పనివాళ్ళకు అండగా నిలిచింది. 1924లో రవీంద్రనాథ్ ఠాకూరు చైనా వెళ్ళినప్పుడు ఆయన వెంట ఉండి మాటలు అనువదించినవారిలో ఈమె ఒకరు. ఈమె 1955లో మరణించింది. మరుసటి ఏడు, 1956లో, బీజింగు ఎనామిల్ కర్మాగారం ఏర్పడింది. 2006లో చైనా ప్రభుత్వం ఈ విద్యను జాతీయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

మీరు చేసి చూడండి

కొలిమి, గాజు అక్కరలేకుండా తీగ చేసే పనిని మీరు చూడవచ్చు. రెండు పళ్ళేలు తీసుకోండి. మెత్తని బంకమట్టిని నీళ్ళతో చిక్కగా కలిపి, ఒకదానిలో అంచుదాకా నింపండి. రెండవదానిలో ముందుగా అట్టముక్కల బద్దలు నిలువుగా పెట్టి, చిన్నచిన్న గదులు కట్టి, వాటినిండా అదే మట్టి నింపండి. నాలుగు రోజులు నీడలో ఆరనివ్వండి. మొదటి పళ్ళెంలో ఎండిన చెరువులాగా పగుళ్ళు ఇష్టం వచ్చినట్లు పాకుతాయి. రెండవదానిలో ఏ గది మట్టి ఆ గదిలోనే ముడుచుకొని దిగుతుంది. పగులు వచ్చినా గట్టు దాటదు. గదుల్లో మట్టి ఎంత దిగిందో కొలిచి, మళ్ళీ నింపి చూడండి. కొలిమిలో గాజుకూ, నీడలో మట్టికీ జరిగేది అచ్చంగా ఒకటి కాకపోయినా, పోలిక మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పనివాళ్ళు మూడు నాలుగు సార్లు ఎందుకు నింపేవారో అప్పుడు మీ చేతులకే తెలుస్తుంది.

హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో దూరప్రాచ్య విభాగం తప్పక చూడండి. చైనా, జపాను దేశాల ఎనామిల్ పాత్రలు అక్కడ ఉన్నాయి. అద్దాల బీరువా ముందు తొందరపడకుండా నిలబడండి. పూవులను ముందు చూస్తారు, అది సహజం. తరువాత పూవుకూ పూవుకూ మధ్య ఖాళీని చూడండి. అక్కడ తీగ ఉందా? ఉంటే అది ఎంత మేర గాజును పట్టి ఉంచుతున్నదో కంటితో కొలవండి. గులాబీ రంగు కనిపిస్తే అది ఒకే రంగా, చుక్కల కలగలుపా అని చూడండి. పక్కనున్న చీటీలో ఏముందో చివరన చదవండి.